హంతకుడి నడక: ఒక స్లాషర్ సినిమా ఫోలీ డైరీ

ఆయుధపూజ

పిక్చర్ లాక్ అయిపోయింది. ఐదు రీళ్ళూ హార్డ్ డిస్క్‌లో చెన్నై సాలిగ్రామంలోని మా స్టూడియోకి చేరాయి. ఇకమీదట ఒక్క ఫ్రేము కూడా అటూ ఇటూ జరగదని డైరెక్టర్ మాటిచ్చాడు. అడుగుల చప్పుడు, బట్టల గరగర, తలుపు గడియ, కత్తి పోటు ఇవన్నీ ఇక మేం పుట్టించాలి. నేను సౌండ్ ఎడిటర్‌ని. ఈ చప్పుళ్ళు చేసి రికార్డు చేయడాన్నే ఫోలీ అంటారు, అది చేసేది బాబాయ్. నాకు చుట్టం కాదు, వడపళని, సాలిగ్రామం స్టూడియోల్లో తెలుగువాళ్ళందరికీ ఆయన బాబాయే. వాళ్ళ నాన్నగారు తెనాలి నుంచి విజయా వాహినీ స్టూడియోలో పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఆ స్థలంలో ఇప్పుడు పెద్ద మాల్ ఉంది.

స్లాషర్ అంటే హంతకుడు ఒక్కొక్కరినే చంపుకుంటూ పోయే సినిమా. కథ క్లుప్తంగా చెప్తాను. చెన్నై శివార్లలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ. నెల్లూరు, ఒంగోలు, గుంటూరు వైపు నుంచి వచ్చిన ఆరుగురు తెలుగు పిల్లలు దగ్గర్లోనే ఒక పాత మేడ అద్దెకు తీసుకుంటారు. ఒక వాన రాత్రి వాళ్ళలో ఒకడు హత్యకు గురవుతాడు. చంపినవాడి ముఖానికి దిష్టిబొమ్మ ముసుగు. కట్టుబడిలో ఉన్న ఇళ్ళ ముందు కోరలు, మిడిగుడ్లు, మెలితిరిగిన మీసాలతో వేలాడదీస్తారే, అదే ముఖం. చేతిలో కొబ్బరి బోండాల కత్తి. కథ ప్రకారం 1987లో కోస్తాలోని ఒక పాలిటెక్నిక్ హాస్టల్లో వరసగా విద్యార్థుల్ని చంపినవాడి గుర్తులు ఇవే. వాడు జైల్లోనే పోయాడు. ఇప్పుడు చంపుతున్నవాడు ఆ పాత కేసు చదివి, అచ్చం అలాగే చేస్తున్న మరొకడు. మేడ కింద వాటాలో ఉండే ఓనర్ ఆంటీ ఆనాటి హాస్టల్లోంచి ప్రాణాలతో బయటపడ్డ ఒకే ఒక్క అమ్మాయి.

పొద్దున్న స్టూడియోలో పూజ చేశాం. మిక్సింగ్ కన్సోల్‌కి, మైకులకి గంధం, కుంకుమ పెట్టారు. తర్వాత వాకిట్లో బూడిద గుమ్మడికాయ కొట్టే ముందు అసిస్టెంట్ కుర్రాడితో ఒక మైకు దగ్గరగా, ఇంకొకటి మెట్ల మీద పెట్టించాను. కాయ పగిలింది. ముందు పెచ్చు ఫెళ్ళుమంది, ఆ వెంటనే లోపలి నీటి గుజ్జు బండ మీద చప్పున పరుచుకుంది. హెడ్‌ఫోన్లో విని బాబాయ్‌కి ఇచ్చాను. ఆయన కళ్ళు మూసుకుని విని, "అమ్మాయ్, రెండో రీల్లో పుర్రెకి ఇదే" అన్నారు. కుంకుమ కలిపిన గుమ్మడికాయ గుజ్జును రోడ్డు మీద ఎవరూ జారిపడకుండా పక్కకు తీయించి పని మొదలుపెట్టాం.

రెండో రోజు

ఈ పనిలోకి వచ్చేవాళ్ళ కోసం అసలు ఫోలీ ఎందుకో ఇక్కడ రాస్తున్నాను. నేను నేర్చుకునే రోజుల్లో ఇది తెలుగులో చెప్పినవాళ్ళు నాకు దొరకలేదు. జాక్ ఫోలీ అమెరికాలో యూనివర్సల్ స్టూడియోలో పనిచేసేవాడు. మూకీలు టాకీలుగా మారుతున్న రోజుల్లో, 1929 ప్రాంతంలో, తెర మీద బొమ్మ చూస్తూ దానికి తగ్గట్టు అడుగుల చప్పుడు, బట్టల చప్పుడు చేసి రికార్డు చేసే పద్ధతి ఆయన చేతి మీదుగా స్థిరపడింది. అందుకే ఆయన పేరే పనికి పేరైంది.

మా సినిమా సింక్ సౌండ్‌లో, అంటే షూటింగ్‌లోనే మాటలు రికార్డు చేస్తూ తీశారు. మరి సెట్లో చప్పుళ్ళు రికార్డయ్యే ఉన్నాయి కదా అని నిర్మాత అడిగారు. న్యాయమైన ప్రశ్నే. సెట్లో మైకు నటుల గొంతు మీద ఉంటుంది. అడుగుల చప్పుడు ఆ గొంతుతో కలిసే రికార్డవుతుంది. రేపు తమిళంలోకో కన్నడంలోకో డబ్బింగ్ చేసేటప్పుడు తెలుగు గొంతు తీసేస్తే దానితోపాటు అడుగులూ పోతాయి, తలుపులూ పోతాయి. అందుకే మాటలు లేకుండా సంగీతం, చప్పుళ్ళు మాత్రమే ఉన్న ట్రాక్ ఒకటి పూర్తిగా విడిగా తయారు చేయాలి. ఫోలీ లేకపోతే ఆ ట్రాక్ బోలుగా ఉంటుంది. లెక్క విన్నాక ఆయన ఇంకేమీ అనలేదు, బడ్జెట్‌లో ఆ పద్దు ఉంచేశారు.

కోయంబేడు

తెల్లవారుజామున బాబాయ్, నేను, కుర్రాడు కోయంబేడు మార్కెట్‌కి వెళ్ళాం. కత్తిపోట్ల కోసం కూరగాయలు కొనడం ఈ వృత్తిలో పాత పద్ధతి. 1960లో హిచ్‌కాక్ సైకో తీసినప్పుడు స్నానాల గది హత్యకు రకరకాల కర్బూజాలు పొడిచి వినిపిస్తే, ఆయన వాటిలోంచి కసాబా అనే రకాన్ని ఎంచుకున్నాడు. మనకి కసాబా అక్కర్లేదు. మన బజార్లో అంతకంటే మంచి సరుకు ఉంది.

ఒక్కొక్కటీ ఎలా పలికిందో రాసిపెట్టుకున్నాను. పుచ్చకాయ పొడిస్తే చప్పుడు మరీ పెద్ద గదిలో వచ్చినట్టుంటుంది, మనిషి ఒంట్లా బిగువు ఉండదు. క్యాబేజీ బాగానే పలుకుతుంది కానీ పొడిగా ఉంటుంది, తడిబట్ట చుట్టి పొడిస్తే చొక్కా మీంచి దిగినట్టు అనిపిస్తుంది. పనసకాయ మొద్దు. ఎముకకి ములక్కాడను మించింది లేదు. అయితే లేతది వంగిపోతుంది, చప్పుడే చేయదు. ముదిరి, ఒకరోజు గాలికి ఆరిన కాడల్ని నాలుగైదు కలిపి తడి తువ్వాల్లో చుట్టి మెలితిప్పితే మణికట్టు విరిగినట్టు ఉంటుంది. పైనుంచి ఫటుక్కుమన్న చప్పుడు, దాని కింద పీచు తెగుతున్న గరగర, రెండూ ఒకేసారి దొరుకుతాయి.

అన్నిటికంటే బాగా పలికింది మార్కెట్లో కొన్నది కాదు. పూజకి షాపుల గేట్లకి కట్టిన అరటి బోదెలు వీధి చివర పారేసి ఉన్నాయి. బాబాయ్ ఆటో ఆపించి రెండు ఎక్కించారు. బోదెలో పొర మీద పొర ఉంటుంది, ప్రతి పొరలో గదులు, గదుల్లో నీళ్ళు. బోండాల కత్తి దాంట్లో దిగితే మొదట తోలు తెగినట్టు, తర్వాత నీరు చిమ్మినట్టు, కత్తి వెనక్కి లాగేటప్పుడు వదలనన్నట్టు పట్టి లాగుతుంది. ఆ లాగుడు చప్పుడే కావాలి నాకు. పోటు కంటే కత్తి బయటికొచ్చే చప్పుడు భయంకరం. అప్పటిదాకా ప్రేక్షకుడు ఊపిరి బిగబట్టి ఉంటాడు, ఆ క్షణంలో ఏం జరిగిందో ఒంటికి తెలుస్తుంది.

గురువారం

డైరెక్టర్ వచ్చాడు. మొదటి రీలు వినిపించాం. "అక్కా, కత్తి తీసేటప్పుడు ఆ స్‌స్‌రింగ్ అనే సౌండ్ లేదేంటి?" అన్నాడు. లేదు, ఉండదు. ఇనుము ఇనుముకో రాయికో రాసుకుంటే తప్ప అలా మోగదు. మనవాడు కత్తిని గోనెసంచిలోంచి తీస్తున్నాడు. గోనెలోంచి తీస్తే పీచు గీరుకున్న చప్పుడే వస్తుంది. ప్రేక్షకులు ఎన్నో సినిమాల్లో విని అలవాటుపడ్డారు కాబట్టి ఆ రింగు లేకపోతే వెలితిగా ఉంటుందని అతని వాదన. ఆ వెలితే మనకి కావాలి అన్నాను. రింగు వినగానే ఇది సినిమా అని మనసు సర్దుకుంటుంది. బజార్లో బోండాలు కొట్టేవాడు సంచిలోంచి కత్తి తీసే చప్పుడు ప్రతివాడికీ తెలుసు, రోజూ వినేదే. రోజూ వినేది రాత్రి రెండింటికి మేడమెట్ల మీద వినిపిస్తే ఎలా ఉంటుందో చూడమని గోనె చప్పుడు వేసి వినిపించాను. రెండుసార్లు విని ఒప్పుకున్నాడు.

పిల్లల చప్పుళ్ళు

ఈ సినిమాలో నాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే, కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను.

స్లాషర్ సినిమాల్లో సాధారణంగా పిల్లలు వరసలో నిలబడి చావడానికే ఉంటారు. బయటికొచ్చాక ముసుగు గుర్తుంటుంది, కత్తి గుర్తుంటుంది, చచ్చిపోయిన పిల్లల పేర్లు ఒక్కటీ గుర్తుండవు. ఈ కథలో కొత్త హంతకుడు పుట్టింది కూడా అలాంటి మరపులోంచే. వాడి గది గోడ నిండా పాత పత్రికల కత్తిరింపులు ఉంటాయి. వాటిలో హంతకుడి ఫొటోలే, చనిపోయినవాళ్ళవి లేవు.

చెన్నైలో ఈ మాట ఎత్తగానే ఆటో శంకర్ గుర్తొస్తాడు. 1988, 89ల్లో తిరువాన్మియూరు చుట్టూ జరిగిన హత్యల కేసులో అతన్ని 1995లో సేలం జైల్లో ఉరితీశారు. జైల్లో రాసుకున్న అతని జీవితకథను నక్కీరన్ పత్రిక వేయబోతే జైలు అధికారులు అడ్డుపడ్డారు, వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1994లో వచ్చిన ఆ తీర్పు రాసింది మన తెలుగువారు జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి. కోర్టు రికార్డుల్లో ఉన్న సంగతులు అనుమతి లేకుండానే అచ్చు వేయవచ్చు, ముందుగానే ఆపే హక్కు ప్రభుత్వానికి లేదు అన్నారు. అదే తీర్పులో ఒక మినహాయింపూ పెట్టారు. లైంగిక దాడి, అపహరణ లాంటివాటికి గురైన స్త్రీల పేర్లు పత్రికలకెక్కించి వాళ్ళని మళ్ళీ అవమానించకూడదని. మా డైరెక్టర్ స్క్రిప్టు రాసే ముందు ఆ తీర్పు చదివాడు. నిజమైన కేసు తీసుకోకుండా కథను పూర్తిగా కల్పించుకున్నాడు. అందుకే ఈ సినిమా ఒప్పుకున్నాను.

సరే, చప్పుళ్ళు. ఆరుగురిలో ప్రతి ఒక్కరికీ ఒక చప్పుడు ఇద్దామని ముందే అనుకున్నాం. మొదట చనిపోయే కుర్రాడికి స్టీలు నీళ్ళ సీసా. మూత సరిగ్గా బిగించడు, నడిస్తే టికటికలాడుతుంటుంది. మెట్లెక్కే అమ్మాయికి పట్టీలు, ఒక కాలి పట్టీకి మువ్వ ఊడిపోయింది కాబట్టి రెండు కాళ్ళూ ఒకలా మోగవు. ఇంకొకడు కూర్చున్నంతసేపూ పెన్ను నొక్కుతుంటాడు. నెల్లూరు కుర్రాడు ఫోన్లో అమ్మతో మాట్లాడుతూ గోడ గీరుతుంటాడు, సున్నం పెచ్చులు రాలుతుంటాయి. ఇవేవీ స్క్రిప్టులో లేవు. షాట్లు మళ్ళీ మళ్ళీ చూసి, నటులు వాళ్ళంతట వాళ్ళు చేసిన పనుల్లోంచి ఏరుకున్నాం.

రెండో రీల్లో సీసా కుర్రాడు పోయాక మూడో రీలంతా సీసా వినిపించదు. ఒకచోట మాత్రం ఇంకొకడు వంటగదిలో సీసా ఎత్తుతాడు, మూత టిక్కుమంటుంది. ముగ్గురు ఒకేసారి తల తిప్పుతారు. ఆ టిక్కుకి బాబాయ్ సీసాని నిండుగా, సగం, అడుగు దాకా నింపి వేర్వేరుగా పలికించారు. అడుగున నీళ్ళున్నప్పుడు వచ్చే బోలు మోత పెట్టాం.

బాబాయ్, మృదంగం, చెప్పులు

ఇవాళ అసలు నడక మొదలుపెట్టాం. కథ మొత్తం దీని మీదే నిలబడుతుంది. ఐదో రీల్లో ఓనర్ ఆంటీ పోలీసులతో ఒక మాట చెప్తుంది. 1987లో ఆ రాత్రి తను మంచం కింద ఉంది. హంతకుణ్ణి చూడలేదు కాబట్టి ఆమె సాక్ష్యం ఎవరూ రాసుకోలేదు. కానీ వాడి నడక విన్నది. "వీడు వాడు కాదు బాబూ. వాడు కాలు ఈడ్చేవాడు, ఆ అడుగు నాకు తెలుసు" అంటుంది.

పత్రికలు చదివి నేర్చుకున్నవాడికి ముసుగు తెలుసు, కత్తి తెలుసు, తేదీలు తెలుసు. చప్పుడు మాత్రం అచ్చులో ఉండదు. కాబట్టి ఆంటీ ఆ మాట అనేసరికి ప్రేక్షకుడికి రెండు నడకలూ చెవిలో ఉండాలి. మొదటి రీల్లో పాత కాలపు దృశ్యం నిమిషంన్నర కూడా లేదు. అందులోనే పాత నడక నాటుకోవాలి, కానీ ఇది గుర్తుపెట్టుకోండి అని చెప్పినట్టు ఉండకూడదు.

పాతవాడికి హవాయి చెప్పులు, తడిసిన మొజాయిక్ నేల. ఎడమ చెప్పు పట్టీ తెగి, పిన్నీసు గుచ్చి ఉంటుంది, అందుకని ఆ కాలు ఈడుస్తాడు. బాబాయ్ చిన్నప్పుడు మృదంగం నేర్చుకున్నారు. రాళ్ళు, ఇసుక, మొజాయిక్, చెక్క ఇలా గుంటలుగా పరిచిన నేల మీద నిలబడి, తెర వైపు చూస్తూ తొడ మీద చేత్తో వేసుకున్నారు. తక తకిట, తక తకిట. ఖండచాపు, ఐదు మాత్రల తాళం. కుడికాలు రెండు మాత్రలు, ఈడ్చే ఎడమకాలు మూడు. మామూలు నడక నాలుగులోనో రెండులోనో సర్దుకుపోతుంది, చెవి దాన్ని పట్టించుకోదు. ఐదులో నడిస్తే తాళం తెలియనివాళ్ళకి కూడా ఎక్కడో ఏదో మిగిలిపోయినట్టు ఉంటుంది. 1978లో హాలోవీన్‌కి జాన్ కార్పెంటర్ స్వయంగా కట్టిన సంగీతం కూడా ఐదు మాత్రల లెక్కలోనే సాగుతుంది. అందులో కుదురు దొరకదు, అదే భయం. మేం దాన్ని వాద్యాల్లో కాకుండా చెప్పుల్లో పెడుతున్నాం.

చెప్పుకి పెద్ద పని పట్టింది. కొత్త హవాయి చెప్పు గట్టిగా టపటపలాడుతుంది, అది హాస్యంగా ఉంటుంది. అరిగి మడమ దగ్గర పల్చబడ్డవి కావాలి. స్టూడియో వాచ్‌మన్ పాత జత ఇచ్చారు, వారికి కొత్త జత కొనిచ్చాం. తడి కోసం నేల మీద నీళ్ళు పోస్తే చిందే చప్పుడు ఎక్కువైంది. బాబాయ్ నీళ్ళలో రెండు చుక్కల గ్లిజరిన్ కలిపి చెప్పు అడుగున రాశారు. అప్పుడు అడుగు నేలను వదిలేటప్పుడు సన్నగా పీల్చినట్టు వచ్చింది. మైకు మోకాలెత్తులో ఒకటి, గది చివర ఒకటి.

కొత్తవాడివి రబ్బరు బూట్లు. సమంగా, తొందర లేకుండా, నాలుగులో. మూడు రీళ్ళలోనూ వాడి అడుగు శుభ్రంగా వినిపిస్తుంది. అందరూ దాన్ని హంతకుడి అడుగు అనుకుంటారు, పాతదానితో పోల్చుకోరు. ఆంటీ చెప్పేదాకా.

దీపావళి

పండగ ముందు నుంచే టపాకాయలు, మైకు తెరిచే వీలు లేదు. ఈ రాష్ట్రంలో పండగరోజు కాల్చడానికి అనుమతి పొద్దున ఆరు నుంచి ఏడు, సాయంత్రం ఏడు నుంచి ఎనిమిది. మా వీధి ఆ వేళలకి కట్టుబడదు. తమిళులది తెల్లవారుజామున తలంట్ల పండగ, మనది దీపాలు పెట్టాక మొదలవుతుంది. రెండు రకాల ఇళ్ళూ పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి రోజంతా మోతే. ఎడిటింగ్ పని చేసుకున్నాం.

పండగ మర్నాడు షూటింగ్ జరిగిన మేడకి వెళ్ళాం. మెట్లదారి ప్రతిధ్వని పట్టుకోవాలి. ఇది చాలా సులువు, ఇంట్లో కూడా చేసి చూడొచ్చు. ఒక పెద్ద బెలూన్ ఊది మెట్ల కింద పగలగొట్టాలి, పైన మైకు పెట్టాలి. ఆ ఒక్క పేలుడు గోడలకి తగిలి తిరిగొచ్చే తీరంతా రికార్డవుతుంది. దాన్ని సాఫ్ట్‌వేర్‌లో వేస్తే స్టూడియోలో తీసిన అడుగు అదే మెట్ల మీద పడ్డట్టు వినిపిస్తుంది. ఒక్కో అంతస్తులో విడిగా తీశాం, ఎందుకంటే ఆ మేడలో పై అంతస్తుకి తలుపు లేదు, కింద చెక్క తలుపు ఉంది. మోగే తీరు వేరు.

ముసుగు లోపల ఊపిరి

ఆర్ట్ వాళ్ళు చేసిన ముసుగు ఫైబర్‌ది. నటుడు అది తగిలించుకుని నిలబడితే ముక్కు దగ్గర పెద్ద చప్పుడేమీ రాదు. కొన్ని రకాల ఊపిరి రికార్డు చేసి చూశాం. బయట మైకు పెడితే దూరంగా ఉంది, లోపల పెడితే డాక్టర్ స్టెతస్కోపులా మరీ దగ్గరైంది. చివరికి చిన్న కాలర్ మైకు ముసుగు నుదుటి లోపలివైపు అంటించాం, బయట ఇంకొకటి పెట్టాం. ప్రేక్షకుడు పిల్లల పక్షాన ఉన్నప్పుడు బయటిది, హంతకుడి కళ్ళలోంచి చూసే షాట్లలో లోపలిది. ఒక్క షాట్‌లో మాత్రం బయటి నుంచి లోపలికి నెమ్మదిగా మారుస్తాం. అందులో ఊపిరి వేగంగా ఉంది. వాడు కూడా భయపడుతున్నాడు. నకలు కొట్టేవాడికి పట్టుబడతానన్న భయం ఉంటుంది, అసలువాడికి లేదు. ఆ నటుడు చాలా శ్రద్ధగా చేశాడు, ఊపిరి కోసం ముందు మెట్లెక్కి దిగి వచ్చాడు.

నవంబరు వాన

ఈశాన్య రుతుపవనాలు ఊపందుకున్నాయి. స్టూడియో పైకప్పు మీద వాన, సున్నితమైన పని ఆపేశాం. మైకులు పట్టుకుని వానకే వెళ్ళాం. అరటాకు మీద, రేకు షెడ్డు మీద, కడప రాయి మీద, ప్లాస్టిక్ బకెట్లోకి, మోటారు సైకిలు సీటు మీద. సినిమాలో అన్ని హత్యలూ వాన రాత్రే, కాబట్టి ఒకే వాన వాడితే కుదరదు.

వానతో పెద్ద చిక్కుంది. అది కీచు నుంచి బొంగురు దాకా అన్ని స్థాయుల్లోనూ నిండే చప్పుడు. చెప్పు ఈడ్చే సన్నని గీర వానలో మునిగిపోతుంది, అదే మాకు కావలసిన గుర్తు. వాన తగ్గిస్తే తెర మీద కుండపోత, చెవిలో చినుకు, అబద్ధంలా ఉంటుంది. పాత హాస్టల్ దృశ్యంలో ఇలా చేశాం. వానని కిటికీ బయటికి నెట్టేసి పై స్థాయిని కోసేశాం, గోడ అవతల కురుస్తున్నట్టు గుమ్ముమనే మోతగా మిగిలింది. దాన్ని పక్క స్పీకర్లకి, పైకప్పు స్పీకర్లకి పంచాం. మధ్య స్పీకర్ అడుగులకే వదిలేశాం. చెవి రెండింటినీ వేర్వేరు చోట్ల వెతుక్కుంటుంది కాబట్టి చెప్పు నిలబడింది.

సంగీత దర్శకుడితో మాట్లాడాం. అక్కడ తీగవాద్యాలు పెట్టాలని ఆయన అనుకున్నారు. సైకోలో స్నానాల గదికి హిచ్‌కాక్ సంగీతమే వద్దనుకుంటే, బెర్నార్డ్ హెర్మన్ చేసి వినిపించి ఒప్పించాడని గుర్తుచేశారు. నిజమే, ఆ వయొలిన్లు లేకుండా ఆ దృశ్యాన్ని ఇవాళ ఊహించలేం. నేను అడిగింది ఒక్కటే, నడక వినిపించే ఆ కాస్తసేపు వదిలిపెట్టమని. తలుపు తెరుచుకున్నాక ఆయన ఇష్టం. పెద్దమనిషి, వెంటనే సరేనన్నారు. పైగా ఐదో రీల్లో మృదంగం తొప్పి, అంటే ఎడమవైపు మోత ఒక్కటే, చాలా కింద, ఖండచాపులో వేస్తానన్నారు.

ఐదో రీలు

రాత్రి డైరెక్టర్ వచ్చి ఐదో రీలు మొత్తం విన్నాడు. ఆంటీ మాట చెప్పే సీను దగ్గర ఆపి వెనక్కి తిప్పమన్నాడు. ఆమె పోలీసులతో మాట్లాడుతున్నప్పుడు వెనక కిటికీ అవతల నీడ కదులుతుంది. హంతకుడు ఆ మాట వింటున్నాడు. ఆ సంగతి స్క్రిప్టులో ఉంది, కానీ విన్నాక వాడు ఏం చేస్తాడన్నది లేదు. ఆ తర్వాత పది నిమిషాలకి చివరి అమ్మాయి మంచం కింద దాక్కుంటుంది, వాడు గదిలోకి వస్తాడు. కెమెరా అమ్మాయి ముఖం మీదే ఉంటుంది. వాడి కాళ్ళు ఆ షాట్‌లో కనపడవు.

బాబాయ్ అప్పటిదాకా ఏమీ మాట్లాడలేదు. "విన్నాడు కదా, అయితే వాడు నేర్చుకుంటాడు" అన్నారు.

అందరికీ ఒకేసారి వెలిగింది. నకలు కొట్టడమే వాడి జబ్బు. అసలువాడు కాలు ఈడ్చేవాడని తెలిసిన నిమిషం నుంచి వాడూ ఈడుస్తాడు. కానీ ఏ కాలు ఈడ్చేవాడో ఆంటీ చెప్పలేదు, ఎలా ఈడ్చేవాడో చెప్పలేదు. వాడు ఊహించుకుని నడుస్తాడు, తప్పు నడుస్తాడు. బాబాయ్ రబ్బరు బూట్లు వేసుకుని నేల మీదికి వెళ్ళారు. ఈసారి తకిట తక, తకిట తక. తిరగేసి. ఈడ్చే కాలు ముందు, మామూలు కాలు తర్వాత.

తెర మీద అమ్మాయి ముఖం. అడుగు మొదలైంది. మొదట పాతవాడే వచ్చాడా అనిపిస్తుంది, ఒళ్ళు జలదరిస్తుంది. రెండు మూడు అడుగులకి ఎక్కడో సరిపోవట్లేదని తెలుస్తుంది. మంచం కింద అమ్మాయి కళ్ళు అప్పుడే కదులుతాయి. షూటింగ్‌లో ఆ నటి దేనికి అలా కళ్ళు కదిపిందో కానీ, ఇప్పుడు ఆమె కూడా విని కనిపెట్టినట్టే ఉంది. ఒక్క ఫ్రేము కదపకుండా కథకి కొత్త మలుపు దొరికింది. డైరెక్టర్ బాబాయ్ చేతులు పట్టుకున్నాడు. నాకూ చాలా సంతోషంగా ఉంది, అందుకే నిద్ర పట్టక ఇంత రాస్తున్నాను.

సెన్సార్ లెక్క

2024 మార్చిలో వచ్చిన కొత్త సర్టిఫికేషన్ నిబంధనలతో యు/ఎ మూడు మెట్లైంది, 7+, 13+, 16+. నిర్మాత 16+ కోరుకుంటున్నారు. పిల్లల గురించిన సినిమాని కాలేజీ మొదటి ఏడాది పిల్లలు కూడా చూడగలగాలన్నది ఆయన మాట. అనవసరమైన హింస, క్రౌర్యం, బీభత్సం ఉండకూడదని బోర్డు మార్గదర్శకాల్లో ఉంది. బొమ్మలో నెత్తురు తక్కువే, భారమంతా చప్పుళ్ళదే. అందుకని నాలుగో రీల్లో పోట్ల మధ్య కొన్ని తీసేశాను. మొదటి పోటు, కత్తి వెనక్కి లాగడం, తర్వాత అమ్మాయి పట్టీ నేలకి తగలడం. అంతే ఉంది. మునుపటికంటే గట్టిగా తగులుతోంది, ఇది సర్టిఫికెట్ కోసం కాకపోయినా ఉంచేదాన్నే.

ప్రీమిక్స్

చివరి మిక్సింగ్‌కి ముందు చప్పుళ్ళన్నీ సర్ది పెద్ద థియేటర్లో విన్నాం. ధ్వని సెకనుకి దాదాపు 343 మీటర్లు పోతుంది, ఒక ఫ్రేము సెకనులో ఇరవై నాలుగో వంతు. లెక్కేస్తే తెర నుంచి పద్నాలుగు మీటర్ల దూరాన కూర్చున్నవాడికి చప్పుడు ఒక ఫ్రేము ఆలస్యంగా చేరుతుంది. చిన్న గదిలో సరిగ్గా అతికిన అడుగు వెనక వరసలో కాస్త వెనకబడ్డట్టుంటుంది. కాళ్ళు కనిపించే షాట్లలో అడుగుల్ని పిసరంత ముందుకి జరిపాం. కాళ్ళు కనపడని షాట్లలో జరపలేదు, అక్కడ నడక లెక్కే ముఖ్యం.

మొదటి రీల్లో పాత నడక మరీ ఎక్కువ వినిపిస్తోందని నాకు అనిపించింది, రెండు డెసిబెల్స్ తగ్గించాం. బాబాయ్‌కి ఇష్టం లేదు. తగ్గిస్తే ఐదో రీల్లో గుర్తు రాదని ఆయన అనుమానం. కథ తెలియని నలుగురికి సోమవారం రెండూ వినిపించి తేలుస్తాం. ఆ తర్వాత తమిళ వెర్షన్ కోసం మాటలు లేని ట్రాక్ నింపాలి. మూడో రీల్లో పెన్ను నొక్కే చప్పుడు రెండుచోట్ల డైలాగు కిందే ఉండిపోయింది, అవి మళ్ళీ చేయాలి. ములక్కాడలు కూడా అయిపోయాయి, ఆదివారం మార్కెట్‌కి వెళ్ళేటప్పుడు ముదురువి చూసి తెమ్మని కుర్రాడికి చెప్పాను.